హోయ్ ఆన్‌లో ఒక్క రోజు: ఎన్నింటికి ఎక్కడ ఉండాలి, ఏం వదిలెయ్యాలి

వియత్నాం టికెట్లు బుక్ చేసుకున్న తెలుగువాళ్లు నన్ను అడిగేది దాదాపు ఒకటే. "డా నాంగ్‌లో మూడు రోజులుంటాం, హోయ్ ఆన్‌కి ఒక్క రోజు సరిపోతుందా?" సరిపోతుంది. కాకపోతే ఆ ఒక్క రోజుని చాలామంది తలకిందులుగా వాడతారు. పదకొండింటికి దిగుతారు, నడినెత్తిన ఎండలో పసుపు గోడల మధ్య తిరుగుతారు, నాలుగయ్యేసరికి కాళ్లు పీకేస్తాయి, లాంతర్లు వెలిగే వేళకి సరిగ్గా కారెక్కి వెళ్లిపోతారు. ఇంటికొచ్చాక "ఏముందండీ అక్కడ, అన్నీ బట్టల షాపులే" అంటారు.

హోయ్ ఆన్ అంటే డా నాంగ్ నగరానికి దగ్గర్లో, నది ఒడ్డున ఉన్న ఒకప్పటి వర్తకుల రేవు. అందులో చూడాల్సిన పాత పట్టణం చాలా చిన్నది. ఈ చివర నుంచి ఆ చివరికి తీరిగ్గా నడిచినా ఇరవై నిమిషాలే. అంచేత ఇక్కడ ప్లాన్ అంటే దూరాల లెక్క కాదు, గంటల లెక్క. పొద్దున ఆరు నుంచి పదిన్నర దాకా ఒక విడత, మధ్యాహ్నం మూడున్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా ఇంకో విడత, ఆ మధ్యలో ఐదు గంటలు పట్టణాన్ని వదిలెయ్యాలి. ఈ "వదిలెయ్యాలి" దగ్గరే అందరూ నాతో గొడవ పడతారు, అంత డబ్బు పోసి వచ్చి రూమ్‌లో పడుకోవడమేంటని. మొత్తం చదవండి, గొడవ తర్వాత పడదాం.

1. ఏ నెల, ఏ తేదీ

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా హాయి. మే నుంచి ఆగస్టు దాకా ఎండ మన కోస్తా ఎండలాగే ఉంటుంది, చెమట కూడా అంతే. సెప్టెంబర్‌లో వానలు మొదలవుతాయి, అక్టోబర్, నవంబర్లలో వరదలు. ఇది అరుదైన సంగతేం కాదు, థు బోన్ నది పొంగితే ఒడ్డున ఉన్న వీధుల్లోకి నీళ్లు రావడం ఈ ఊరికి అలవాటే. 2025 అక్టోబర్ చివర్లోనూ పాత పట్టణం మునిగింది. దసరా, దీపావళి సెలవులకి వెళ్దామనుకునేవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి. ఆ రోజుల్లో తప్పకపోతే క్యాన్సిల్ చేసుకోగలిగే బుకింగులే పెట్టుకోండి, రేటు కాస్త ఎక్కువైనా.

జనవరి చివర, ఫిబ్రవరిలో వచ్చే తెత్ పండగ (వాళ్ల చాంద్రమాన సంవత్సరాది) తేదీలు కూడా చూసుకోండి. ఆ నాలుగైదు రోజులు చాలా షాపులు, టైలర్లు మూసేస్తారు.

ఇక లాంతర్ల రాత్రి. చాంద్రమాన నెలలో 14వ తేదీ రాత్రి పాత పట్టణంలో కరెంటు దీపాలు చాలావరకు ఆపేసి లాంతర్లు, కొవ్వొత్తులే ఉంచుతారు. మన క్యాలెండర్లో శుక్ల చతుర్దశి దగ్గర్లో వస్తుంది, ఒక రోజు అటూ ఇటూ అవ్వచ్చు, కాబట్టి గోడమీది క్యాలెండర్ చూసి ఫ్లైట్ బుక్ చెయ్యకండి, వియత్నాం తేదీ చూసుకోండి. నా మాటడిగితే, పెద్దవాళ్లతోనో చిన్నపిల్లలతోనో వెళ్తే ఆ రాత్రి తప్పించడమే మేలు. బావుంటుంది, కాదనను, కానీ వంతెన మీద తోపులాట మామూలుగా ఉండదు. లాంతర్లు రోజూ వెలుగుతాయి.

2. ముందు రాత్రే అక్కడ ఉండాలి

హోయ్ ఆన్‌కి విమానాశ్రయం లేదు, రైల్వే స్టేషన్ లేదు. రెండూ డా నాంగ్‌లోనే, అక్కడి నుంచి సుమారు 30 కిలోమీటర్లు, కారులో ముప్పావు గంట. ప్యాకేజీల్లో మధ్యాహ్నం పాలరాతి కొండలు, తర్వాత కొబ్బరి తోట బుట్ట పడవ, ఆపైన ఏ ఐదింటికో హోయ్ ఆన్, ఎనిమిదిన్నరకి బస్సు అని ఉంటుంది. దాన్ని హోయ్ ఆన్ చూడటం అనరు.

డా నాంగ్ మూడు రాత్రుల్లో ఒకటి తీసి ఇక్కడ పెట్టండి. హోటల్ ఎక్కడంటే, పాత పట్టణం నుంచి నడకలో పది, పదిహేను నిమిషాల దూరంలో. మరీ లోపలైతే కారు గుమ్మం దాకా రాదు, సూట్‌కేసులు లాక్కుంటూ పోవాలి. బీచ్ పక్కనైతే మధ్యాహ్నం రూమ్‌కి వచ్చి పోవడం కుదరదు, మన ప్లాన్ మొత్తం ఆ రాకపోకల మీదే నడుస్తుంది.

ముందు రాత్రి ఉండటం ఎలాగూ కుదరదంటే సెక్షన్ 11కి వెళ్లండి.

3. ఇండియాలో ఉండగానే చేసుకోవాల్సినవి

- ఈ-వీసా: సింగిల్ ఎంట్రీకి 25 డాలర్లు. ప్రభుత్వ సైట్‌లోనే పెట్టండి, అచ్చం అలాగే కనిపించే ఏజెంట్ల సైట్లు చాలా ఉన్నాయి. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు, తండ్రి పేరు కలిసిపోయినవాళ్లు మనలో బోలెడుమంది. పాస్‌పోర్ట్ అడుగున రెండు వరుసల్లో ఎలా ఉందో అలాగే నింపి, వచ్చిన వీసాలో అక్షరం అక్షరం సరిచూసుకోండి.
- గ్రాబ్ యాప్ (మన ఓలా, ఊబర్ లాంటిది): ఇండియాలో ఉండగానే పెట్టి ఓటీపీ, కార్డు పని ముగించండి. అక్కడ దిగాక మన నంబర్‌కి ఓటీపీ రాక ఎయిర్‌పోర్ట్ బయట నిలబడిపోయినవాళ్లని చూశాను.
- ఆఫ్‌లైన్ మ్యాపు, అనువాద యాప్‌లో వియత్నామీస్ ప్యాక్.
- పల్చటి రెయిన్‌కోట్, టోపీ, మెత్తటి చెప్పులు. గుళ్లు, పాత ఇళ్లు ఉన్నాయి కాబట్టి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు.
- బైక్ అద్దెకి తీసుకుందామనే ఆలోచన ఉంటే మానెయ్యండి. మన దగ్గర ఇచ్చే అంతర్జాతీయ లైసెన్స్ 1949 రోడ్డు ట్రాఫిక్ ఒప్పందం కిందది, వియత్నాం ఒప్పుకునేది 1968 ఒప్పందం కిందది. అద్దెకిచ్చేవాడు ఏమీ అడగడు. యాక్సిడెంట్ అయ్యాక ఇన్సూరెన్స్ వాడు అడుగుతాడు.

డబ్బు గురించి విడిగా చెప్పాలి. రూపాయికి అటూ ఇటూగా 300 డాంగ్‌లు. నోటి లెక్కకి నేను వాడే పద్ధతి: చివరి మూడు సున్నాలు తీసేసి మూడున్నరతో గుణించడం. 100,000 డాంగ్ అంటే 350 రూపాయలు. అసలు కంటే కాస్త ఎక్కువే వస్తుంది, ఖర్చు లెక్కలో ఎక్కువ రావడం మంచిదే.

జాగ్రత్తగా ఉండాల్సింది నోట్ల రంగులతో. 20,000 నోటు నీలం. 500,000 నోటూ నీలమే. ఒకటి డెబ్బై రూపాయలు, ఇంకోటి పదిహేడు వందల చిల్లర. రాత్రి లాంతరు వెలుగులో రెండూ ఒకేలా ఉంటాయి. నేను కొబ్బరిబోండాం దగ్గర 20,000 అనుకుని 500,000 చేతిలో పెట్టాను, ఆవిడ నవ్వి, నోటు నా కళ్ల ముందు రెండువైపులా తిప్పి చూపించి వెనక్కిచ్చింది. అందరూ ఇవ్వరు. పెద్ద నోట్లు పర్సులో వేరే అరలో పెట్టుకోండి, సాయంత్రానికి చిన్న నోట్లు చేతిలో ఉండేలా పొద్దున్నే మార్చుకోండి.

4. టికెట్, కూపన్లు

పాత పట్టణానికి విదేశీయుల టికెట్ 120,000 డాంగ్, అంటే నాలుగొందల రూపాయలు. దారుల్లో చిన్న కౌంటర్లు ఉంటాయి. టికెట్‌కి కూపన్లు ఉంటాయి, లోపలికెళ్లే ఒక్కో చోట ఒక్కోటి చింపుకుంటారు. జనం చేసే తప్పేంటంటే, ఎదురుపడిన మొదటి చోట్లకే కూపన్లు ఇచ్చేసి, అసలు చూడాల్సిన చోటికి వచ్చేసరికి చేతిలో ఏమీ లేకుండా నిలబడటం.

కొనగానే కూపన్లు లెక్కపెట్టుకుని ఈ వరుసలో ఖర్చు పెట్టండి:

1. ఒక పాత వర్తకుడి ఇల్లు: న్గుయెన్ థై హోక్ వీధి 101లో తాన్ కీ ఇల్లు.
2. ఒక అసెంబ్లీ హాల్ (చైనా వర్తకుల సంఘ భవనం): త్రాన్ ఫూ వీధి 46లో ఫుక్ కియెన్.
3. జపాన్ వంతెన (పైకప్పున్న పాత వంతెన) లోపలి భాగం.
4. ఇంకో ఇల్లు: వంతెన దాటగానే ఫుంగ్ హుంగ్.
5. కూపన్ మిగిలితే త్రాన్ ఫూ 80లో పింగాణీ మ్యూజియం. వస్తువుల కంటే ఆ చెక్క భవనం, మేడ మీద వసారా బావుంటాయి.

టికెట్ పారేసుకోకండి. సాయంత్రం మళ్లీ లోపలికొచ్చేటప్పుడు అడగచ్చు.

5. పొద్దున ఆరు నుంచి ఎనిమిది: ఖాళీ వీధులు

వియత్నాం మనకంటే గంటన్నర ముందుంటుంది. అక్కడ ఆరంటే మన ఒంటికి నాలుగున్నర. వెళ్లిన మొదటి రోజే ఇది పెట్టుకుంటే లేవలేరు, రెండో రోజో మూడో రోజో పెట్టుకోండి.

పడమటి చివర జపాన్ వంతెన దగ్గర మొదలుపెట్టండి. 20,000 నోటు వెనక ఉన్న బొమ్మ ఇదే. 2022 డిసెంబర్ నుంచి మరమ్మతులు చేసి 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. ఒక చివర కుక్కల బొమ్మలు, ఇంకో చివర కోతుల బొమ్మలు ఉంటాయి, పిల్లలుంటే వెతకమనండి. ఫొటో వంతెన ఎదురుగా నిలబడి కాదు, పక్కన నీళ్ల వైపు నుంచి తియ్యండి. ఈ వేళలో ఫ్రేములో మీరు తప్ప ఎవరూ ఉండరు. తొమ్మిదింటికి ఇదే చోట సెల్ఫీ కర్రలు తగలకుండా నిలబడటం కష్టం.

అక్కడి నుంచి త్రాన్ ఫూ వీధిలో తూర్పుకి నడవండి. షాపులు ఇంకా తెరవరు కాబట్టి వేలాడే బట్టలుండవు, ఇళ్లు కనిపిస్తాయి. గుమ్మాల పైన గుండ్రటి చెక్క బిళ్లలు రెండేసి ఉంటాయి చూడండి, అవి ఇంటికి కళ్లు. మనం దిష్టిబొమ్మ కడతాం, వాళ్లు ఇంటికే కళ్లు పెట్టారు.

తూర్పు చివర మార్కెట్. ఆరున్నర, ఏడు మధ్య అది అసలు రూపంలో ఉంటుంది. నది వైపు చేపలు, ముందు కూరలు. చేపల వైపు నేల తడిగా, జారుడుగా ఉంటుంది, తెల్ల బూట్లతో పోకండి. అమ్మేవాళ్ల మొహం మీదికి కెమెరా పెట్టేముందు ఒకసారి చెయ్యెత్తి అడగండి, తల ఊపితేనే తియ్యండి.

మార్కెట్ నుంచి నది ఒడ్డున బాక్ డాంగ్ వీధి మీదుగా వెనక్కి రండి. ఎక్కడో ఒకచోట కూర్చుని ఐసు వేసిన పాల కాఫీ తాగండి. అది చిక్కగా, తియ్యగా, మన ఫిల్టర్ కాఫీకి అలవాటుపడ్డ నాలుకకి కూడా గట్టిగా తగులుతుంది. ఖాళీ కడుపుతో రెండోది వద్దు.

6. ఎనిమిది నుంచి పదిన్నర: ఇళ్లు, హాళ్లు

టూర్ గుంపులు తొమ్మిదిన్నర తర్వాత దిగుతాయి. కాబట్టి ఇరుకుగా ఉండేవి ముందు, విశాలంగా ఉండేవి తర్వాత. తాన్ కీ ఇల్లు తెరవగానే వెళ్లండి.

ఆ ఇల్లు ఒక వీధిలో మొదలై ఇంకో వీధిలో, నది వైపు ముగుస్తుంది. ముందు దుకాణం, మధ్యలో ఆకాశం కనిపించే చిన్న పెరడు, వెనక సరుకు దించుకునే గుమ్మం. ఆ కుటుంబం ఇంకా అక్కడే ఉంటోంది. టీ ఇచ్చి గబగబా నాలుగు మాటలు చెప్పి వస్తువులమ్మే బల్ల దగ్గరికి తీసుకుపోతారు, తప్పేం లేదు, కానీ ఆ తొందరలో వెనక గుమ్మం పక్క గోడ చూడకుండా పోకండి. ఏ ఏడు వరద ఎంత ఎత్తుకి వచ్చిందో గుర్తులు పెట్టారు. 1964 గుర్తు కింద నిలబడి తలెత్తి చూడాలి.

ఆ గోడ చూశాక ఫుంగ్ హుంగ్ ఇంట్లో మేడ మీది నేలకి ఉన్న కన్నం ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. వరద రాగానే కింది సరుకంతా ఆ కన్నంలోంచి పైకి లాగేసుకునేవాళ్లు. ఇలాంటివి తెలిసి చూస్తే ఇల్లు ఇల్లులా కనిపిస్తుంది, తెలియకపోతే పాత బీరువాల షాపులా ఉంటుంది.

అసెంబ్లీ హాళ్లంటే, చైనాలో ఒక్కో ప్రాంతం నుంచి వచ్చిన వర్తకులు తమవాళ్ల కోసం కట్టుకున్నవి. కాశీలో మనవాళ్ల సత్రాలు ఎలాగో అలా, కాకపోతే లోపల గుడి కూడా ఉంటుంది. త్రాన్ ఫూ వీధిలోనే వరసగా ఉంటాయి. ఫుక్ కియెన్ ఒక్కటి బాగా చూడండి: సముద్రంలో ఓడల్ని కాపాడే అమ్మవారు థియెన్ హావ్, పైకప్పు నుంచి వేలాడే చుట్టల చుట్టల అగరుబత్తులు. ఆ చుట్టల కింద నిలబడితే బూడిద నెత్తిన పడుతుంది, పక్కకి జరగండి. మూడు హాళ్లు చూస్తే నాలుగోది గుర్తుండదు, ఒకటీ రెండూ చాలు.

మార్కెట్ ఎదురుగా ఉన్న క్వాన్ కాంగ్ గుడి దారిలోనే తగులుతుంది, పది నిమిషాల పని.

పదిన్నరకి ఆపెయ్యండి. ఇంకో ఇల్లు మిగిలినా సరే.

7. పదిన్నర నుంచి మూడున్నర: పట్టణాన్ని వదిలెయ్యండి

ఈ ఐదు గంటల్లో కింది వాటిలో ఒక్కటే ఎంచుకోండి.

- రూమ్, స్నానం, నిద్ర. పెద్దవాళ్లుంటే ఇంక ఆలోచించక్కర్లేదు. మా అమ్మ సాయంత్రం మాకంటే ఎక్కువ నడిచిందంటే ఈ నిద్ర వల్లే.
- త్రా క్వె కూరగాయల ఊరు. సైకిల్ మీద మూడు కిలోమీటర్లు, దారి పొడుగునా పొలాలు. చిన్న చిన్న మడుల్లో తులసి, పుదీనా జాతి ఆకులు, ఉల్లికాడలు. మన పల్లెలో పెరిగినవాళ్లకి అరగంటలో అయిపోతుంది, నగరం పిల్లలకి మాత్రం నచ్చుతుంది. సైకిళ్లు చాలా హోటళ్లు ఊరికే ఇస్తాయి. బండ్లు కుడివైపు నడుస్తాయి, మలుపు తిరిగేటప్పుడు మన మెదడు ఎడమకి లాగుతుంది, జాగ్రత్త.
- ఆన్ బాంగ్ బీచ్. కారులో పది, పదిహేను నిమిషాలు. పడక కుర్చీకి డబ్బు తీసుకుంటారా, ఏదైనా తింటే ఊరికేనా అని కూర్చోకముందే అడగండి.
- కామ్ థాన్‌లో బుట్ట పడవలు. గుండ్రటి తెప్ప, నీటి కొబ్బరి మొక్కల మధ్య షికారు. పెద్ద స్పీకర్ల పాటలు, పడవని గిరగిరా తిప్పే విన్యాసాలు ఉంటాయి. పిల్లలకి సరదా, నిశ్శబ్దం కావాలనుకునేవాళ్లకి శిక్ష.

మీ సాన్ అనే చోట ఉన్న పాత గుళ్లని ఇదే రోజులో ఇరికిద్దామా అని కూడా అడుగుతారు. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన చామ్ రాజుల శివాలయాలు, మన పురావస్తు శాఖ కూడా అక్కడ మరమ్మతులు చేసింది, మనవాళ్లు చూడాల్సినవే. కానీ అది 40 కిలోమీటర్లు, రానూపోనూ కలిపి అరపూట పోతుంది. దాన్ని పెట్టుకుంటే పొద్దున ఖాళీ వీధులు పోతాయి, రెండూ ఒకే పూట రావు. ఇంకో రోజు పొద్దున్నే, ఎండ ఎక్కకముందు దానికే ఇవ్వండి.

8. తిండి, ముఖ్యంగా శాకాహారులకి

మాంసం తినేవాళ్లకి సమస్య లేదు: పసుపు వేసి వండిన కోడి అన్నం కోమ్ గా, దళసరి నూడుల్స్‌తో పంది మాంసం కావ్ లావ్, బాన్ మీ బ్రెడ్డు. పంది, గొడ్డు మాంసం వద్దనుకునేవాళ్లు రెండు మాటలు నేర్చుకోండి. హెయో అంటే పంది, బో అంటే గొడ్డు. గా అంటే కోడి, అది పర్లేదు.

శాకాహారులకి తాళంచెవి లాంటి మాట "చాయ్". మన చాయ్ కాదు, ఇక్కడ చాయ్ అంటే శాకాహారం (టీని వాళ్లు చా అంటారు, అదింకో తికమక). "క్వాన్ చాయ్" అని బోర్డుంటే అది పూర్తి శాకాహార హోటల్. చాంద్రమాన నెలలో 1, 15 తేదీల్లో వాళ్లలోనూ చాలామంది మాంసం మానేస్తారు, ఆ రోజుల్లో చాయ్ తిండి ఎక్కువ దొరుకుతుంది. కావ్ లావ్ కూడా టోఫుతో చేసిన చాయ్ రకం ఉంటుంది, అడగండి.

మామూలు హోటల్‌లో "నో మీట్" అంటే చాలదు. మాంసం తీసేసి రొయ్యలు వేస్తారు, రొయ్యలు వద్దంటే చేప సాస్ ఉంటుంది. ముందు రాత్రే హోటల్ రిసెప్షన్‌లో అమ్మాయిని అడిగి ఒక కాగితం మీద వాళ్ల భాషలో రాయించుకోండి: మాంసం, చేప, రొయ్య, చేప సాస్, ఎముకల రసం వద్దు, గుడ్డు తింటాం (లేదా తినం). ఫోన్లో అనువాదం చూపించడం కంటే ఈ కాగితం బాగా పనిచేస్తుంది, వంటింట్లోకి తీసుకెళ్లి చూపించి వస్తారు.

బాన్ సెయో అని బియ్యప్పిండి, పసుపుతో పోసే అట్టు ఉంది. అంచులు కరకరలాడతాయి, ఆకుల్లో చుట్టుకుని తినాలి. మామూలుగా రొయ్య, పంది వేస్తారు, చాయ్ హోటల్‌లో పుట్టగొడుగులతో ఇస్తారు. పొట్లంలో తెచ్చిన పచ్చడి రెండు చుక్కలు వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు.

9. టైలర్ దగ్గరికి వెళ్లాలనుకుంటే

తొందరగా బట్టలు కుట్టిచ్చే టైలర్లకి ఈ ఊరు పేరు. "24 గంటల్లో సూట్" అన్న బోర్డులు చూసి ఆగుతారు. కుట్టడం 24 గంటల్లో అవుతుంది, సరిచేయడం అవ్వదు. నాకు ఒక చొక్కా, ప్యాంటు కుట్టారు, పొద్దున కొలతలు, సాయంత్రం ట్రయల్. భుజం దగ్గర వేలెడు వదులు. మార్చమన్నాను, మార్చారు, కానీ మర్నాడు పొద్దున తీసుకునేసరికి ఈసారి చంక పట్టేసింది. ఫ్లైట్ టైమ్ అయిపోయింది. షాపు తప్పో, రెండో ట్రయల్ పెట్టుకోని నా తప్పో మీరే చెప్పండి.

ఒక్క రోజే ఉంటే:

- సూట్, బ్లేజర్ జోలికి పోకండి. చొక్కా, కుర్తా, గౌను వరకే.
- మీకు సరిగ్గా సరిపోయే పాత చొక్కా ఒకటి తీసుకెళ్లి అలాగే కుట్టమనండి. టేపు కొలతల కంటే నమ్మకం.
- చేరిన సాయంత్రమే కొలతలు ఇచ్చెయ్యండి. ట్రయల్ మర్నాడు పదిన్నరకి, రెండో ట్రయల్ సాయంత్రం నాలుగున్నరకి.
- గుడ్డ ముక్క ఒకటి కత్తిరించి మీ దగ్గర పెట్టుకోండి, డబ్బు సగమే ముందివ్వండి.
- ట్రయల్‌లో చేతులు పైకెత్తండి, కూర్చోండి, వంగండి. అద్దం ముందు నిటారుగా నిలబడితే ఏ చొక్కా అయినా బావుంటుంది.

10. మూడున్నర నుంచి తొమ్మిది: వెలుగు మారే వేళ

మూడున్నరకి మిగిలిన కూపన్లు. ఇళ్లు, మ్యూజియాలు సాయంత్రం ఐదు, ఐదున్నరకి మూసేస్తారు కాబట్టి రాత్రికి వాయిదా వెయ్యకండి. ఈ వేళకి పాత పట్టణంలోకి మోటారు బండ్లు రానివ్వరు, నడక సుఖంగా ఉంటుంది.

ఐదు కల్లా నది ఒడ్డుకి చేరండి. సూర్యాస్తమయం డిసెంబర్‌లో ఐదుంబావు ప్రాంతంలో, జూన్‌లో ఆరుంబావు దాటాక. మన సాయంత్రాల కంటే తొందరగా చీకటి పడుతుంది. అసలు ఫొటో వేళ చీకటి కాదు, ఆకాశం ఇంకా నీలంగా ఉండి లాంతర్లు అప్పుడే వెలిగిన ఆ ఇరవై నిమిషాలు. పూర్తిగా చీకటి పడ్డాక తీస్తే రంగు చుక్కలు తప్ప ఊరు కనిపించదు.

పడవ కూడా ఆ వేళకే ఎక్కండి. ఒడ్డున టికెట్ కౌంటర్ల దగ్గర రేటు బోర్డు ఉంటుంది. నేను చూసింది ముగ్గురి వరకు 150,000, నలుగురైదుగురికి 200,000, ఇరవై నిమిషాల షికారు. దారిలో చెయ్యిపట్టి పిలిచేవాళ్లు ఎక్కువ రేటు చెప్తారు, వాదించక్కర్లేదు, కౌంటర్‌కి నడవండి. ఎక్కేముందు "మనిషికా, పడవకా" అని వేళ్లతో చూపించి ఖరారు చేసుకోండి, గొడవలన్నీ అక్కడే పుడతాయి. లైఫ్ జాకెట్ వేసుకోండి, నిలబడి సెల్ఫీలొద్దు.

నీళ్లలో వదిలే కాగితపు దీపాలు కొనమని వెంటపడతారు. మన కార్తీక దీపాల్లా ఉంటాయని అమ్మలు ముచ్చటపడతారు. ఒకటి చాలు, మర్నాడు పొద్దున ఆ కాగితాలన్నీ వలలతో ఏరేవాళ్లని చూశాక నాకు రెండోది వదలబుద్ధి కాలేదు.

ఏడు దాటాక పాత పట్టణంలో బాయ్ చోయ్ ఆట ఉంటుంది. పాట పాడుతూ పేకముక్క పేరు చెప్తారు, మీ చెక్కపలక మీద అది ఉంటే జెండా ఇస్తారు. తెలుగిళ్లలో తంబోలా ఆడినవాళ్లకి రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. భాష రాకపోయినా ఒక పలక కొనుక్కుని కూర్చోండి, రాత్రి మార్కెట్‌లో గంట తిరగడం కంటే ఇది నయం.

రాత్రి మార్కెట్ నది మీది వంతెన (జపాన్ వంతెన కాదు) అవతల న్గుయెన్ హోయాంగ్ వీధిలో. కొనదగ్గది లాంతరే. వెదురు పుల్లలకి పట్టుగుడ్డ చుట్టినవి గొడుగులా ముడుచుకుంటాయి. మడవని రకం కొనకండి, సూట్‌కేసులో విరుగుతుంది. మీ ముందు రెండుసార్లు తెరిచి మూయించి చూడండి.

11. సాధారణంగా చెడేవి, సర్దుకునే దారి

*ముందు రాత్రి ఉండటం కుదరలేదు.* అయితే పొద్దున ఆశ వదిలెయ్యండి. డా నాంగ్‌లో రెండింటికి బయల్దేరి మూడింటికల్లా దిగండి. తాన్ కీ, ఫుక్ కియెన్, వంతెన, ఐదింటికి నది, పడవ, భోజనం, పదింటికి కారు. బుట్ట పడవ, పాలరాతి కొండలు అదే రోజు పెట్టకండి.

*వాన.* గంటసేపు కురిసి ఆగే వానైతే రెయిన్‌కోట్ వేసుకుని మ్యూజియం ముందుకి జరపండి. తడిసిన వీధిలో లాంతర్ల వెలుగు రెట్టింపవుతుంది. నది నీళ్లు బాక్ డాంగ్ వీధి మెట్లు ఎక్కుతున్నాయని రిసెప్షన్‌లో చెప్తే మాత్రం సాహసాలు వద్దు. డా నాంగ్‌కి వెళ్లిపోయి అక్కడి చామ్ శిల్పాల మ్యూజియం చూడండి. మీ సాన్ నుంచి తెచ్చిన శివుడు, నాట్యగత్తెలు అక్కడే ఉన్నారు.

*ఎవరో ఒకరు నడవలేకపోతున్నారు.* మూడు చక్రాల సైకిల్ రిక్షాలున్నాయి. రేటు, ఎంతసేపు, ఎక్కడ దింపుతారు అన్నది కాగితం మీద రాయించుకుని ఎక్కండి.

*టాయిలెట్.* హోటళ్లు, కాఫీ షాపుల్లో దాదాపు అన్నిచోట్లా చేతి స్ప్రే ఉంటుంది. ఈ ఒక్క టెన్షన్ మాత్రం పెట్టుకోకండి.

12. తిరుగు ప్రయాణం

పాత పట్టణం లోపల నిలబడి గ్రాబ్ బుక్ చేస్తే డ్రైవర్ రాలేడు, మీరు వెతుక్కుంటారు, చివరికి క్యాన్సిల్. ఉత్తరాన త్రాన్ హుంగ్ దావ్ రోడ్డు మీదికి ఐదారు నిమిషాలు నడిచి, ఏదో ఒక పెద్ద హోటల్ గుమ్మం దగ్గర నిలబడి అప్పుడు బుక్ చెయ్యండి. ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర మధ్య డా నాంగ్ వెళ్లేవాళ్లంతా ఒకేసారి బుక్ చేస్తారు, రేటు పెరుగుతుంది. ఎనిమిదింటికే కదలండి, లేదంటే పదిదాకా ఆగండి. నలుగురు, సూట్‌కేసులు ఉంటే మిమ్మల్ని తీసుకొచ్చిన డ్రైవర్‌తోనే రాత్రికి మాట్లాడుకోవడం సులువు: టైమ్, దింపే చోటు, మొత్తం రేటు ఫోన్లో టైప్ చేసి చూపించండి, అతను తల ఊపాక ఆ స్క్రీన్ ఫొటో తీసుకోండి. టైలర్ దగ్గర సంచి తీసుకున్నారా చూసుకుని కారెక్కండి.